దూరంలోని యంత్రం: పాఠశాల ఉపాధ్యాయులకు క్లౌడ్ కంప్యూటింగ్ పరిచయమైన చరిత్ర

వ్యాససంగ్రహం

పాఠశాల సమాచారం ఒకప్పుడు ప్రధానోపాధ్యాయుని గదిలోని బీరువాలో ఉండేది. నేడు అందులో అధికభాగం బడికి ఎంతో దూరంలోని సర్వర్లలో ఉంటున్నది. ఈ మార్పు ఉపాధ్యాయులకు, బోధనేతర సిబ్బందికి ఏ రూపంలో పరిచయమైందో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1822 నాటి మన్రో విచారణ, 1960, 70 దశకాలలో అమెరికా బడులలోని టైమ్ షేరింగ్, 1984-85లో మన దేశంలో మొదలైన క్లాస్ ప్రాజెక్టు, 2017 తరువాతి దీక్ష వేదిక అనే నాలుగు ఘట్టాలను ఇందులో పోల్చి చూడడమైనది. యంత్రం దూరంలో ఉన్నదన్న సంగతి కంటికి కనబడినంతకాలం తన ప్రతిని తాను దాచుకోవాలన్న ఎరుక ఉపాధ్యాయునికి ఉండేదనీ, ఆ దూరం తెరవెనక్కి వెళ్ళిన తరువాత క్లౌడ్ పరిచయం వివరాల నమోదుకే పరిమితమైందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్లౌడ్ కంప్యూటింగ్, టైమ్ షేరింగ్, క్లాస్ ప్రాజెక్టు, యు-డైస్, దీక్ష, పాఠశాల రికార్డులు, ఉపాధ్యాయ శిక్షణ.

1. ఉపోద్ఘాతం

ప్రతి పాఠశాలలోనూ ఒక బీరువా ఉంటుంది. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీలు, మార్కుల రిజిస్టరు, టి.సి. పుస్తకం, అక్విటెన్సు రిజిస్టరు, స్టాకు రిజిస్టరు అందులో ఉంటాయి. ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్ళిన వ్యక్తి పుట్టినతేదీ ధ్రువీకరణ కోసం తిరిగి వస్తే, ప్రధానోపాధ్యాయుడో గుమాస్తానో బీరువా తెరిచి, అట్ట ఊడిన రిజిస్టరులో ఆ పేరు వెతికి పట్టుకునేవారు. బడి జ్ఞాపకం బడిలోనే ఉండేది. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో ఊరందరికీ తెలిసి ఉండేది.

నేడు విద్యార్థి చేరిక, రోజువారీ హాజరు, మధ్యాహ్న భోజనం చేసినవారి సంఖ్య, పాఠ్యపుస్తకాల పంపిణీ, ఉపాధ్యాయుని సెలవు, శిక్షణ ధ్రువపత్రం ఇవన్నీ ఫోను ద్వారానో కంప్యూటరు ద్వారానో నమోదవుతున్నాయి. నమోదైన వివరం ఎక్కడ నిలిచి ఉంటుందని అడిగితే, "ఆన్‌లైన్‌లో ఉంది" అన్న సమాధానమే ఎక్కువగా వినబడుతుంది. ఆ మాట స్థలాన్ని సూచించదు, బాధ్యుణ్ణీ సూచించదు. క్లౌడ్ కంప్యూటింగ్‌ను ఉపాధ్యాయులకు పరిచయం చేయడమంటే ఈ అస్పష్టతను తొలగించడమే కావాలి. ఆచరణలో జరిగింది అందుకు భిన్నం. ఎలా భిన్నమైందో తెలుసుకోవడానికి క్లౌడ్ అనే మాట పుట్టకముందు నుంచి ఈ చరిత్రను చూడవలసి ఉంటుంది.

2. బడి సమాచారం బడి దాటిన సందర్భం

పాఠశాల వివరాలు పై అధికారికి చేరడం కొత్త విషయం కాదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న తన అధికార పరిధిలోని దేశీయ విద్యాస్థితిపై విచారణకు ఆదేశించాడు. ప్రతి జిల్లా కలెక్టరూ బడుల సంఖ్యను, అక్కడ చదివేవారి సంఖ్యను నిర్ణీత పట్టికలో పంపవలసి వచ్చింది. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వీటిలో ప్రసిద్ధమైనది. ఆ జిల్లాలో 533 బడులు ఉన్నట్లు, వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు అయినట్లు ఆ నివేదిక నమోదు చేసింది. జిల్లాల సమాధానాలను క్రోడీకరించి 1826 మార్చిలో మన్రో రాసిన మినిట్‌లో మొత్తం 12,498 బడుల లెక్క కనిపిస్తుంది.

ప్రస్తుత చర్చకు ఈ ఘట్టంలో గమనించవలసినవి రెండు విషయాలు. మొదటిది, పట్టికలోని గడులను నిర్ణయించినవాడు బడిపంతులు కాడు. వీధిబడి తనను తాను వర్ణించుకునే తీరు వేరు. ప్రభుత్వం అడిగిన గడులు వేరు. రెండవది, బడి నుంచి వెళ్ళినది లెక్క మాత్రమే. ఫలానా పిల్లవాడు ఏ తాటాకు దగ్గర ఆగిపోయాడు, ఎవరింటి పిల్లవాడు పంటకాలంలో బడి మానేస్తాడు అన్న వివరం పంతులు దగ్గరే ఉండిపోయింది. పై స్థాయికి సంఖ్య చేరింది. మనిషి వివరం కింద నిలిచింది. దాదాపు రెండు శతాబ్దాలపాటు పాఠశాల పరిపాలన ఈ విభజన మీదనే నడిచింది. క్లౌడ్ వచ్చిన తరువాత మారినది ఇదే. ఇప్పుడు సంఖ్యతోపాటు పేరు, పుట్టినతేదీ, తల్లిదండ్రుల వివరాలు కూడా బడి దాటి వెళ్తున్నాయి.

3. తీగ చివరి కంప్యూటరు: డార్ట్‌మత్ నుంచి మిన్నెసోటా వరకు

క్లౌడ్ వెనుకనున్న మూలభావన 1960వ దశకం నాటిది. కంప్యూటరు ఒక గదిని నింపే పరిమాణంలో ఉండి, పెద్ద సంస్థలు మాత్రమే కొనగలిగిన కాలం అది. ఒకే యంత్రపు కాలాన్ని అనేకమంది పంచుకుని వాడుకునే పద్ధతికి టైమ్ షేరింగ్ అని పేరు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1961 నవంబరులో ఫెర్నాండో కార్బతో బృందం ఈ పద్ధతిని ప్రదర్శించింది. అదే సంవత్సరం ఆ సంస్థ శతవార్షికోత్సవంలో ప్రసంగించిన జాన్ మెకార్తీ, కంప్యూటింగ్ కూడా టెలిఫోను వ్యవస్థవలె ఒకనాటికి ప్రజోపయోగ సేవగా మారవచ్చునని ఊహించాడు.

ఈ ఊహను విద్యార్థుల ముందుకు తెచ్చినవారిలో డార్ట్‌మత్ కళాశాల గణితాచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అగ్రగణ్యులు. సామాన్య విద్యార్థికి అందుబాటులో ఉండాలని వారు రూపొందించిన బేసిక్ భాష 1964 మే 1న తొలిసారి పనిచేసింది. అనంతరం ఆ కళాశాల యంత్రానికి న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని ఉన్నత పాఠశాలలు కూడా టెలిఫోను తీగల ద్వారా అనుసంధానమయ్యాయి. బడిలో ఉండేది ఒక టెలీటైపు మాత్రమే. విద్యార్థి అందులో అక్షరాలు కొడితే, అవి తీగమీద ప్రయాణించి కళాశాల కంప్యూటరును చేరేవి. సమాధానం తిరిగి వచ్చి కాగితం మీద అచ్చయ్యేది. ఈ ఏర్పాటును చూసిన ఉపాధ్యాయునికి యంత్రం తన గదిలో లేదన్న సంగతి ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. తీగ కనబడేది, టెలిఫోను కనబడేది, సమాధానం కోసం వేచి ఉండవలసిన కాలమూ తెలిసేది.

మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక ఉదంతం ఈ ఎరుక విలువను చక్కగా చూపుతుంది. 1971లో డాన్ రావిచ్ అనే చరిత్ర బోధనాభ్యాసకుడు, తన ఇద్దరు సహాధ్యాయులైన బిల్ హైన్‌మన్, పాల్ డిలెన్‌బర్గర్‌లతో కలిసి, పశ్చిమానికి వలసవెళ్ళిన కుటుంబాల ప్రయాణాన్ని బోధించడానికి 'ఆరెగన్ ట్రెయిల్' అనే ఆటను రూపొందించాడు. అది మినియాపొలిస్ బడుల ఉమ్మడి కంప్యూటరులో నడిచింది. విద్యాసంవత్సరంలో ఆ పని ముగిశాక వారు ప్రోగ్రామును యంత్రం నుంచి తొలగించారు. అయితే తొలగించేముందు మొత్తం కాగితం మీద అచ్చువేసుకున్నారు. 1973లో మిన్నెసోటా విద్యా కంప్యూటింగ్ సమాఖ్య ఏర్పడింది. 1974లో అందులో ఉద్యోగంలో చేరిన రావిచ్, దాచుకున్న ఆ కాగితాలను చూసి ప్రోగ్రామును తిరిగి టైపు చేసి రాష్ట్రవ్యాప్త వ్యవస్థలో ఉంచాడు. తరువాతి కాలంలో ప్రపంచంలోనే అత్యంత ప్రసిద్ధ విద్యాసంబంధమైన ఆటలలో అది ఒకటిగా నిలిచింది.

ఒక పాఠం బతికి బట్టకట్టడానికి కారణం ఉపాధ్యాయుని దగ్గర మిగిలిన కాగితపు ప్రతి. యంత్రం పరాయిది, అందులోని చోటు తాత్కాలికం అన్న ఎరుక ఉన్నందువల్లనే ఆ ప్రతి తయారైంది. ఆ కాలపు ఉపాధ్యాయుడు దూరంలోని యంత్రానికి వివరాలు అందించేవాడుగా మాత్రమే ఉండలేదు. అతడు ప్రోగ్రాములు రాశాడు, ఇతరులతో పంచుకున్నాడు, తన కృషికి తానే కాపలా ఉన్నాడు.

4. బల్లమీది కంప్యూటరు: క్లాస్ ప్రాజెక్టు

1977 తరువాత వ్యక్తిగత కంప్యూటర్లు విపణిలోకి రావడంతో యంత్రం దూరం నుంచి బల్లమీదికి వచ్చింది. భారతీయ పాఠశాలకు కంప్యూటరు పరిచయమైనది ఈ దశలోనే. కేంద్రప్రభుత్వం 1984-85లో పాఠశాలలలో కంప్యూటర్ అక్షరాస్యత, అధ్యయనం లక్ష్యంగా క్లాస్ ప్రాజెక్టును ప్రారంభించింది. తొలిదశలో 248 పాఠశాలలను ఎంపిక చేసి, బ్రిటన్‌లో బడుల కోసం ఆదరణ పొందిన బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను అందించారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి వనరుల కేంద్రాలను ఏర్పరచారు.

ఈ దశ భారతీయ ఉపాధ్యాయుని మనసులో కంప్యూటరుకు ఒక రూపాన్ని స్థిరపరచింది. కంప్యూటరు అంటే తాళం వేసిన గదిలో, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచే విలువైన వస్తువు. స్టాకు రిజిస్టరులో దానికి ఒక సంఖ్య ఉంటుంది. చెడిపోతే బాగుచేయించాలి, పోతే జవాబు చెప్పాలి. సమాచారం ఆ పెట్టెలోనో, దాని ఫ్లాపీలోనో ఉంటుంది. 2004 డిసెంబరులో మొదలైన ఐ.సి.టి. ఎట్ స్కూల్స్ పథకం దేశమంతటా కంప్యూటరు ప్రయోగశాలలను విస్తరింపజేసినప్పుడు కూడా ఈ భావన మారలేదు. అమెరికా ఉపాధ్యాయుడు దూరపు యంత్రంతో మొదలై బల్లమీది యంత్రానికి వచ్చి, తిరిగి దూరపు యంత్రానికి చేరాడు. భారతీయ ఉపాధ్యాయుని అనుభవంలో మొదటి మెట్టు లేదు. అతడు బల్లమీది యంత్రం నుంచి నేరుగా క్లౌడ్‌లోకి అడుగుపెట్టాడు. ఈ లోటు తరువాతి శిక్షణలలో పూడలేదు.

5. మాట, నిర్వచనం

సమాచార వ్యవస్థల పటాలలో, లోపలి వివరాలు చూపనవసరం లేని నెట్‌వర్కును మబ్బు బొమ్మగా గీయడం ఇంజనీర్లలో వాడుక. క్లౌడ్ అన్న మాటకు మూలం ఆ బొమ్మే. 1997లో భారతీయ మూలాలున్న ఆచార్యుడు రామ్‌నాథ్ చెల్లప్ప ఈ పదబంధాన్ని విద్వత్సభలో వాడాడు. 2006లో అమెజాన్ సంస్థ నిల్వను, గణనశక్తిని అద్దెకివ్వడం మొదలుపెట్టిన తరువాత అది వ్యాపార పరిభాషలో స్థిరపడింది. అదే సంవత్సరం గూగుల్ విద్యాసంస్థల కోసం తన సేవల కూర్పును ప్రకటించింది; 2014లో గూగుల్ క్లాస్‌రూమ్ వచ్చింది.

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ కోసం పీటర్ మెల్, టిమొతీ గ్రాన్స్ 2011 సెప్టెంబరులో ప్రకటించిన నిర్వచనం నేటికీ ప్రామాణికంగా ఉన్నది. దాని ప్రకారం క్లౌడ్‌కు ఐదు లక్షణాలు. కోరినప్పుడు వినియోగదారుడే సేవను తీసుకోగలగడం, నెట్‌వర్కు ద్వారా ఎక్కడినుంచైనా అందడం, వనరులను అనేకులకు ఉమ్మడిగా పంచడం, అవసరాన్ని బట్టి వేగంగా పెరగడం తగ్గడం, వాడినంత మేరకు లెక్క ఉండడం. ఇందులో నాలుగవ లక్షణం తెలుగు ఉపాధ్యాయునికి పదవ తరగతి ఫలితాల రోజును చూపితే సులువుగా బోధపడుతుంది. ఏడాదిలో ఆ ఒక్క పూట లక్షలమంది ఒకేసారి ఫలితాల కోసం వస్తారు. మిగతా రోజుల్లో ఆ వైపు చూసేవారుండరు. ఆ ఒక్క పూటకోసం శాశ్వతంగా యంత్రాలు కొనడం వృథా. అవసరమైన గంటలకు అదనపు శక్తిని తెచ్చుకుని, తరువాత విడిచిపెట్టగలగడం క్లౌడ్ ఇచ్చే సౌలభ్యం.

మూడవ లక్షణం మరింత కీలకం. వనరులు ఉమ్మడివి కనుక, తన వివరం ఏ యంత్రంలో ఉన్నదో సాధారణంగా వినియోగదారునికి తెలియదని ఆ నిర్వచనమే ఒప్పుకుంటుంది. అంటే స్థలం తెలియకపోవడం పొరపాటు కాదు; అది ఈ వ్యవస్థ స్వభావం. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘానికి రామగిరి నుంచి అలకాపురి వరకు దారి అంతా చెప్పి పంపుతాడు. ఏ నదిమీద ఆగాలో, ఏ ఇంటి గుమ్మం ముందు నిలవాలో కూడా చెబుతాడు. సందేశం పంపినవానికి గమ్యం తెలుసు. నేటి మేఘానికి వివరం అప్పగించే ఉపాధ్యాయునికి ఆ దారి తెలియదు.

6. భారతీయ బడికి క్లౌడ్ చేరిన తీరు

మన దేశంలో పాఠశాల గణాంకాల ఆధునిక వ్యవస్థ 1990వ దశకం మధ్యలో జిల్లా ప్రాథమిక విద్యాపథకంతోపాటు వచ్చిన డైస్‌తో మొదలైంది. ఉపాధ్యాయుడు ముద్రిత ప్రపత్రాన్ని నింపేవాడు; దానిని మండల లేదా జిల్లా స్థాయిలో కంప్యూటరులోకి ఎక్కించేవారు. 2012-13లో ఇది యు-డైస్‌గా ఏకీకృతమై, ప్రతి బడికీ 11 అంకెల కోడు గుర్తింపుగా నిలిచింది. 2018-19లో యు-డైస్ ప్లస్ పేరుతో నమోదు ఆన్‌లైన్‌కు మారింది. 2022-23 నుంచి బడివారీ మొత్తాలకు బదులు ఒక్కొక్క విద్యార్థి వివరాన్ని విడివిడిగా సేకరించడం ఆరంభమైంది. మన్రో కాలం నుంచి కొనసాగిన విభజన తొలగిపోయిన సంవత్సరంగా దీనిని గుర్తించవచ్చు.

ప్రభుత్వ పక్షాన క్లౌడ్‌కు ఆధారంగా మేఘ్‌రాజ్ కార్యక్రమం రూపొంది, 2014 ఫిబ్రవరిలో జాతీయ క్లౌడ్ ప్రారంభమైంది. బోధన రంగంలో ఉపాధ్యాయుల కోసమే ఉద్దేశించిన దీక్ష వేదికను 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించారు. పాఠ్యపుస్తకాలలో క్యు.ఆర్. సంకేతాలు ముద్రించి, వాటి ద్వారా పాఠాలను ఈ వేదికతో ముడిపెట్టిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2020 మార్చిలో బడులు మూతపడడంతో ఈ ప్రక్రియ వేగం పుంజుకుంది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి; ఉపాధ్యాయులు ఫోను ద్వారా పిల్లల అభ్యాసాన్ని గమనించవలసి వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో నిష్ఠ శిక్షణ దీక్ష వేదికమీద ఆన్‌లైన్ కోర్సులుగా మారింది. ఉపాధ్యాయ శిక్షణ అనేది మండల కేంద్రంలోని సభాభవనం నుంచి ఫోను తెరమీదికి వచ్చింది.

ఈ క్రమాన్ని పరిశీలిస్తే ఉపాధ్యాయుడు క్లౌడ్‌ను రెండు ముఖాలతో ఎరిగినట్లు తెలుస్తుంది. ఒకటి ఇచ్చే ముఖం: పాఠం, దృశ్యం, కోర్సు, ధ్రువపత్రం. మరొకటి అడిగే ముఖం: హాజరు, లెక్క, ఛాయాచిత్రం, గడువు. రెండింటిలోనూ శిక్షణ "ఇక్కడ నొక్కాలి, అక్కడ సబ్మిట్ చేయాలి" అన్న మెట్టు దగ్గరే సాగింది. వివరం ఎక్కడ నిలుస్తుంది, ఎంతకాలం ఉంటుంది, ఎవరు చూడగలరు, తప్పు దొర్లితే ఎవరు దిద్దగలరు అన్న ప్రశ్నలకు అందులో చోటు దొరకలేదు. సౌకర్యాల అసమానత కూడా దీనికి తోడైంది. యు-డైస్ ప్లస్ 2023-24 నివేదిక ప్రకారం దేశంలో కంప్యూటరు ఉన్న పాఠశాలలు 57.2 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం. బడికి సదుపాయం లేనిచోట క్లౌడ్‌కు ద్వారం ఉపాధ్యాయుని సొంత ఫోను, సొంత డేటా ప్యాకు.

7. తెలుగు బడి ఎదుర్కొన్న ప్రత్యేక సమస్యలు: పేరు, లిపి

పట్టికలోని గడులను ఎవరు నిర్ణయిస్తారన్న 1822 నాటి ప్రశ్న తెలుగు బడిలో నేటికీ సజీవంగా ఉన్నది. తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది. అడ్మిషన్ రిజిస్టరులో అది పూర్తిగా ఉండవచ్చు, పొడి అక్షరంగా ఉండవచ్చు. ఆధార్‌లో పేరు ముందు, ఇంటిపేరు వెనుక పడి ఉండవచ్చు. తెలుగులో ఒకే తీరుగా రాసే 'లక్ష్మి' ఆంగ్ల లిపిలో రెండు మూడు విధాలుగా కుదురుతుంది. కాగితపు వ్యవస్థలో ఈ తేడాలను ఊరు, తండ్రి పేరు తెలిసిన ఉపాధ్యాయుడు సర్దుకునేవాడు. యంత్రం అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది కనుక తేడా ఉన్నచోట తిరస్కరిస్తుంది. విద్యార్థికి జీవితకాల గుర్తింపుగా ప్రవేశపెట్టిన అపార్ సంఖ్య పొందడానికి బడి రికార్డు, ఆధార్ సరిపోలాలి. సరిపోలనప్పుడు ఆధార్ కేంద్రానికీ బడికీ మధ్య తిరిగేది కూలిపని మానుకుని వచ్చిన తల్లి లేదా తండ్రి.

లిపి సమస్య మరొక తీరుది. యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే తెలుగుకు స్థానం దక్కినా, తెలుగు ముద్రణరంగం దీర్ఘకాలం అను వంటి యూనికోడేతర ఫాంట్లతో నడిచింది. ఉపాధ్యాయులు ప్రశ్నపత్రాలు, పాఠ్యప్రణాళికలు, బడి సంచికలు ఆ ఫాంట్లలోనే టైపు చేయించారు. అటువంటి ఫైలు ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో చక్కని తెలుగుగా కనిపిస్తుంది. క్లౌడ్‌లోకి ఎక్కించి మరొకచోట తెరిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాలు, గుర్తులు ప్రత్యక్షమవుతాయి. లోపం ఉపాధ్యాయునిది కాదు, క్లౌడ్‌ది కూడా కాదు. ఫాంటు ఒక యంత్రానికి కట్టుబడిన ఏర్పాటు; యూనికోడ్ యంత్రంతో నిమిత్తం లేని ఏర్పాటు. బల్లమీది కంప్యూటరుకూ దూరంలోని కంప్యూటరుకూ ఉన్న భేదాన్ని తెలుగు ఉపాధ్యాయునికి తెలియజెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. ఏళ్ళ తరబడి పోగైన పాఠ్యసామగ్రిని యూనికోడ్‌లోకి మార్చుకోకపోతే అది క్లౌడ్‌లో ఉన్నా లేనట్లే.

8. తాళంచెవి ఎవరిది?

అప్పగించిన సమాచారానికి ఎవరు కాపలా అన్న ప్రశ్న అనేక దేశాలలో తలెత్తింది. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ ప్రధాన ఆర్థికసాయంతో 2013లో మొదలైన ఇన్‌బ్లూమ్ సంస్థ, వివిధ రాష్ట్రాల విద్యార్థుల వివరాలను క్లౌడ్‌లో ఒకచోట చేర్చదలచింది. ఏ వివరం ఎవరికి అందుతుందో స్పష్టత లేదని తల్లిదండ్రులు తీవ్రంగా వ్యతిరేకించడంతో 2014 ఏప్రిల్‌లో మూసివేతను ప్రకటించింది. డెన్మార్క్‌లోని హెల్సింగోర్ పురపాలక బడులలో గూగుల్ సేవల వినియోగాన్ని ఆ దేశపు డేటా రక్షణ సంస్థ 2022 జులైలో నిషేధించింది. ప్రమాదాన్ని ముందుగా తగినంత అంచనా వేయలేదన్నది ప్రధానమైన అభ్యంతరం.

మన దేశంలో దీక్ష వేదికకు సంబంధించిన కొంత సమాచారం రక్షణలేని క్లౌడ్ నిల్వలో ఏడాదికి పైగా బహిర్గతంగా ఉన్నట్లు 2023 జనవరిలో వైర్డ్ పత్రిక వెల్లడించింది. అందులో పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోను నంబర్లు, ఈమెయిల్ చిరునామాలు, లక్షలాది విద్యార్థుల వివరాలు ఉన్నాయి. శిక్షణ పొందడానికి వివరాలిచ్చిన ఉపాధ్యాయులే ఇక్కడ నష్టపోయినవారు. అంతకు కొద్ది నెలల ముందు, 2022 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్‌లో ముఖ ఆధారిత హాజరు యాప్‌ను ఉపాధ్యాయుల సొంత ఫోన్లలో అమలు చేయబూనినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. ఆ వివాదాన్ని హాజరు విషయంగానే చూసినవారు ఉన్నారు. సొంత ఫోనులోకి ప్రభుత్వ వ్యవస్థ ప్రవేశిస్తే దాని హద్దు ఎక్కడ అన్న ప్రశ్న అందులో ఇమిడి ఉన్నదని గుర్తించినప్పుడే దాని చారిత్రక ప్రాముఖ్యం అర్థమవుతుంది. తీగ కనబడనప్పుడు కూడా దూరం ఉన్నదని గ్రహించి ఉపాధ్యాయులు సమష్టిగా మాట్లాడిన సందర్భాలలో అది ఒకటి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి వివరాల వినియోగానికి తల్లిదండ్రుల అంగీకారాన్ని సాధారణ నియమంగా చేసింది. వివరాలను ఏ ప్రయోజనం కోసం, ఏ విధంగా వాడాలో నిర్ణయించే సంస్థను ఆ చట్టం డేటా ఫిడ్యూషియరీ అంటుంది. నమ్మకం మీద బాధ్యత వహించేవాడు అని ఆ మాటకు భావం. నిల్వను మరొక సంస్థకు అప్పగించినా బాధ్యత ఫిడ్యూషియరీదే. బీరువా తాళంచెవి ప్రధానోపాధ్యాయునికి అప్పగించడంలో ఉన్న నీతి ఇదే.

9. పరిచయం ఎలా ఉండాలి: చరిత్ర సూచించే దారి

పై ఘట్టాలనుబట్టి, ఉపాధ్యాయులకు, గుమాస్తాలకు, ఇతర సిబ్బందికి క్లౌడ్‌ను పరిచయం చేసే శిక్షణలో మూడు అంశాలు తప్పనిసరిగా ఉండాలని భావించవచ్చు.

మొదటిది స్థలం. క్లౌడ్ ఆకాశంలో లేదు. విద్యుత్తుతో నడిచే, చల్లదనం కోసం నిరంతర ఏర్పాట్లుండే, నేలమీది భవనాలలోని యంత్రాలే క్లౌడ్. ఈ ఒక్క విషయాన్ని బొమ్మతో చూపించి మొదలుపెడితే మిగిలిన ప్రశ్నలు ఉపాధ్యాయులే అడుగుతారు. బ్యాంకు పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. ఇంటి ఇనప్పెట్టెలో ఉన్న సొమ్ము బ్యాంకుకు వెళ్ళినప్పుడు సొమ్ము కనబడదు, పాసుపుస్తకం ఉంటుంది. క్లౌడ్‌కు వెళ్ళిన వివరానికి పాసుపుస్తకం ఏదని అడగడం నేర్పాలి.

రెండవది తాళం. ప్రధానోపాధ్యాయుని లాగిన్ వివరాలు, పాస్‌వర్డు కాగితం మీద రాసి కంప్యూటరుకు అంటించడం, కంప్యూటరు తెలిసిన యువ ఉపాధ్యాయునికో బజారులోని ఇంటర్నెట్ కేంద్రానికో అప్పగించడం అనేక బడులలో కనిపించే పరిపాటి. పనిభారం, గడువు దీనికి కారణాలు. బీరువా తాళంచెవిని బజారులో ఇచ్చి రాని ప్రధానోపాధ్యాయుడు పాస్‌వర్డును ఇస్తున్నాడంటే, రెండూ ఒకటేనని శిక్షణ అతనికి చెప్పలేదని అర్థం.

మూడవది ప్రతి. రావిచ్ కాగితాలు బోధించే పాఠం ఇదే. నమోదైన వివరాల ప్రతిని నిర్ణీత కాలానికొకసారి దించుకుని బడి దగ్గర భద్రపరచడం, సేవ ఆగిపోతే సొంత పాఠ్యసామగ్రిని తిరిగి తీసుకోగల మార్గం ముందే తెలుసుకోవడం ఇందులో భాగం. అడ్మిషన్ రిజిస్టరును యంత్రంలోకి ఎక్కించినంతమాత్రాన మూలప్రతిని నిర్లక్ష్యం చేయరాదు. తేడా వచ్చిన రోజున నిర్ణయించవలసినది ఆ పుటలోని సిరాగీతే.

10. ముగింపు

1822లో బడి నుంచి లెక్క వెళ్ళింది. 1960వ దశకపు అమెరికాలో ఉపాధ్యాయుడు దూరపు యంత్రాన్ని తీగతో సహా చూశాడు, దానిలో తన పాఠాన్ని తానే రాసుకున్నాడు, ప్రతిని దాచుకున్నాడు. 1984-85 తరువాత భారతీయ ఉపాధ్యాయుడు కంప్యూటరును గదిలోని వస్తువుగా ఎరిగాడు. 2017 తరువాత ఆ వస్తువు అదృశ్యమై, ఫోను తెర మాత్రమే మిగిలింది. ఈ నాలుగు దశలలో యంత్రశక్తి పెరిగింది, ఖర్చు తగ్గింది, మారుమూల బడికి కూడా మంచి పాఠం అందే అవకాశం కలిగింది. ఈ ప్రయోజనాలను తక్కువచేసి చూడడానికి లేదు.

అయితే బడి జ్ఞాపకానికి సంరక్షకుడు అన్న స్థానం నుంచి వివరాలు నమోదు చేసే చివరి మెట్టుకు ఉపాధ్యాయుడు జరిగిపోవడం సాంకేతికత వల్ల అనివార్యంగా కలిగిన పరిణామం కాదు. పరిచయం జరిగిన పద్ధతి వల్ల కలిగినది. మిన్నెసోటా ఉదాహరణ అందుకు నిదర్శనం. ఎప్పుడో చదివి వెళ్ళిన విద్యార్థి రేపు తన పుట్టినతేదీ కోసం బడి గుమ్మం ఎక్కినప్పుడు, అతని వివరం ఎక్కడ ఉన్నదో, తప్పుంటే ఎవరు దిద్దుతారో చెప్పగలిగిన మనిషి అక్కడ ఉండాలి. క్లౌడ్‌ను ఉపాధ్యాయులకు పరిచయం చేసే ప్రతి కార్యక్రమాన్నీ ఈ కొలబద్దతోనే కొలవవలసి ఉంటుంది.